మోచేతి ఎత్తు

"ఏమోయ్! నీ కొట్టు తయారైంది, వచ్చి చూసుకో!"

వీధివైపు నుంచి భర్త కేక వినిపించేసరికి ఆమె చేతిలో అడుగంటిన పాలగిన్నె ఉంది. పీచుతో ఎంత తోమినా మాడు వదలడం లేదు. గిన్నెను సింకులోనే వదిలేసి, ఒళ్లోని తువ్వాలుకి చేతులు తుడుచుకుని, కుర్చీ చక్రాలు తిప్పింది. వారం రోజులుగా ముందుగదిలో సుత్తి దెబ్బలు వింటూనే ఉంది. చూస్తానంటే ఒక్కసారి కూడా చూడనివ్వలేదు. "పూర్తయ్యాక చూద్దువుగాని. అప్పుడే సరదా," అన్నాడు.

నడవా దాటి ముందుగది తలుపు తీసింది. తలుపు అవతల గది లేదు. చెక్క బీరువా వీపు ఉంది. బిగించిన మేకుల మొనలు ఆమె ముఖంలోకి చూస్తున్నాయి.

"అటు కాదోయ్! అక్కడ అరలు పెట్టించాను. చుట్టూ తిరిగి రా!"

చుట్టూ తిరిగింది. వంటింటి పక్కతలుపులోంచి వాలు మీదుగా సందులోకి, సందులోంచి వీధిలోకి. వీధిలో ఆగిపోయింది.

కొత్త షట్టరు. దానిపైన కొత్త బోర్డు. బోర్డు మీద ఎర్ర అక్షరాల్లో ఆమె పేరు, ఎన్నికల్లో నిలబడ్డట్టు, ఇంత పెద్దగా. దాని కింద "బ్యాగులు, జిప్పుల మరమ్మతు". దాని కింద ఇంకా పెద్దగా "రీచార్జి, కూల్‌డ్రింకులు". షట్టరు ముందు రెండు మెట్లు. మెట్ల పైన నున్నటి రాళ్లు పరిచిన కౌంటరు. కుర్చీలోంచి చూస్తే ఆమెకు కౌంటరు పొట్ట మాత్రమే కనిపించింది. దానిపైన ఎక్కడో, కొండమీద దీపంలా భర్త ముఖం వెలుగుతోంది.

"ఎలా ఉంది?"

"బాగుంది," అంది. అలవాటుగా వచ్చేసింది ఆ మాట. ఒక్క క్షణం ఆగి, "నేను లోపలికి ఎలా రావాలి?" అని అడిగింది.

అతని నవ్వు అక్కడే ఆగింది. పొయ్యి మీద పాలు మర్చిపోయి బజారుకెళ్లినవాడికి సగం దారిలో గుర్తొస్తే ఎలా ఉంటుందో అలా అయింది ముఖం. మెట్ల వైపు చూశాడు. కుర్చీ వైపు చూశాడు. అంతలోనే తేరుకున్నాడు.

"దానికేముంది! ఎత్తుకుంటాలేవోయ్. నేను లేనూ?"

ఇతను మోసం చేయలేదు. మోసం చేసినవాడైతే ఇలా వీధిలోకి పిలిచి మురిసిపోతూ చూపించడు. మర్చిపోయాడు. ఆమె పేరు మీద, ఆమె కోసం ఒక సేవాసంస్థ ఇస్తున్న సాయంతో, ఆమె కొట్టు కడుతూ, ఆమె నడవదన్న సంగతి మర్చిపోయాడు.

"రేపు సంస్థ నుంచి మేడమ్ వస్తున్నారుగా," అతను కౌంటరు మీద మోచేతులు ఆనించి చెప్పుకుపోతున్నాడు. "నువ్వు ఇక్కడ మెట్ల పక్కన కూర్చో. ఆ నీలం చీర కట్టుకో. అడిగినవాటికి అవునండీ అను. ఫోటో తీసుకుంటారు, కుట్టుమిషను ఇస్తారు, వెళ్తారు. తర్వాత సంగతి నాకొదిలెయ్. చెప్పుల షాపులో కూడా చెప్పేశాను, నెలాఖరు నుంచి పనికి రానని."

"ఉద్యోగం మానేస్తున్నారా?"

"మరి ఇక్కడెవరు కూర్చుంటారు?"

ఎంత సహజంగా అడిగాడంటే, ఆమె కూడా ఒక్క క్షణం 'నిజమే, ఎవరు కూర్చుంటారు?' అనుకుంది.

మళ్లీ వంటింట్లోకి వచ్చి మాడిన గిన్నె అందుకుంది. తోమింది. వదిలేసింది. సందువైపు కిటికీ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. చక్రాలు గచ్చు మీద కిర్రుమంటున్నాయి. చెప్పుల దుకాణంలో పన్నెండేళ్లుగా అతను నిలబడే ఉన్నాడు. ఊళ్లోవాళ్ల పాదాల దగ్గర వంగి, యజమాని చేత "ఏయ్, ఎనిమిదో నంబరు తే!" అనిపించుకుంటూ. రాత్రిళ్లు పిక్కలు పట్టుకుంటే కొబ్బరినూనె రాసింది ఆమె చేతులే. తన సొంత కౌంటరు వెనక ఒక్కసారి కూర్చోవాలన్న అతని ఆశ ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టే కోపం కూడా తిన్నగా రావడం లేదు. ముల్లు గొంతులో అడ్డం పడ్డట్టు, మింగుడు పడదు, బయటికీ రాదు.

అత్తగారు నడవాలో కూర్చుని మోకాళ్లకు తైలం రాసుకుంటోంది. ఆవిడ చెవులు వీధి చివరి మాట కూడా పట్టేస్తాయి.

"ఏంటమ్మాయ్, ఆ చక్రాలు అలా అరగదీస్తున్నావు?"

"కొట్టులోకి నేను వెళ్లలేను అత్తయ్యా. మెట్లు కట్టారు."

"వెళ్లి ఏం చేస్తావ్? వాడు కూర్చుంటే ఒకటీ, నువ్వు కూర్చుంటే ఒకటీనా? మొగుడూ పెళ్లాల మధ్య నీదేంటి, నాదేంటి? అయినా నువ్వు అక్కడ కూర్చుంటే ఇక్కడ వంట ఎవరు చేస్తారు, మీ మావయ్య పైనుంచి దిగొచ్చి చేస్తారా?" అని, గోడ మీది భర్త ఫోటో వైపు చూసి ఆవిడే నవ్వింది. "ఉన్నప్పుడే మంచినీళ్లు ముంచుకోలేదు మహానుభావుడు."

ఆమెకూ నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఇంకేదో కూడా వచ్చింది.

నాలుగేళ్ల కిందట బస్సు దిగుతూ పడింది. వెన్ను దెబ్బతింది. ఆసుపత్రి నుంచి కుర్చీలో ఇంటికి వచ్చేసరికి ఆమె కోసం ఇల్లు ఎదురుచూస్తోంది. వారం తిరక్కుండా మేస్త్రి వచ్చాడు. వంటగట్టు కొట్టేసి కిందికి కట్టాడు. కుర్చీ దూరేలా గట్టు కింద ఖాళీ వదిలాడు. కుళాయి దించాడు, అరలు దించాడు, స్విచ్చులు దించాడు. చెత్తబుట్ట బయట పెట్టడానికీ, నీళ్ల డబ్బా లోపలికి తెచ్చుకోవడానికీ పక్కతలుపు దగ్గర వాలు పోశాడు. చూడవచ్చినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. "ఎంత ప్రేమమ్మా నీ మొగుడికి! ఇంకోడైతే పుట్టింటికి పంపేవాడు." ఆమె కూడా ఏడ్చింది, కృతజ్ఞతతో. ఆ కృతజ్ఞతతోనే మర్నాటి నుంచి వంట మొదలుపెట్టింది. బాత్రూమ్ గుమ్మంలో కుర్చీ పట్టదు. నేల మీద దిగి, చేతులతో లాక్కుంటూ వెళ్లాలి. దాన్ని వెడల్పు చేయిద్దామంటే "చూద్దాం, వానలు తగ్గనీ" అన్నాడు. ఎన్ని వానలు వచ్చాయో, ఎన్ని తగ్గాయో. ఈ ఇంటికి ఆమె ఎత్తు తెలియక కాదు. గిన్నెలు తోమే చోట అంగుళం తేడా లేకుండా తెలుసు. స్నానం చేసే చోట తెలియదు. ఇప్పుడు కొట్టు కట్టే చోటా తెలియలేదు. "నీకెందుకే శ్రమ" అన్న మాట వీధి గుమ్మం దగ్గరే వినిపిస్తుంది తప్ప, పొయ్యి దగ్గర ఈ నాలుగేళ్లలో ఒక్కసారీ వినిపించలేదు.

కిటికీ చువ్వ మీద టకటకమని చప్పుడైంది.

"బ్యాగులక్కా! ఉన్నావా?" సందు చివర ఇంట్లో ఉండే నర్సు. చేతిలో నోరు తెరిచిన హ్యాండ్‌బ్యాగు. "డ్యూటీకి టైమైపోతోంది, ఇది చూడు, నా బతుకంతా బజార్న పడింది!"

గట్టు మీది ఉల్లిపాయలు పక్కకు తోసి బ్యాగు అందుకుంది. బిస్కెట్ల డబ్బాలోంచి చిన్న పట్టకారు తీసింది. జిప్పు పళ్లు బాగానే ఉన్నాయి, రన్నరే వదులైంది. రెండు వైపులా ఒక్క నొక్కు నొక్కి, కాస్త కొవ్వొత్తి రుద్ది లాగింది. జర్రుమని మూసుకుంది.

"నీ చెయ్యి చల్లగుండ! కొత్త కొట్టు పెడుతున్నావటగా, రేపట్నుంచి అటే రావాలా?"

"ఊ," అంది ఆమె.

"ఆ మెయిన్‌రోడ్డు మీదా? నాకిదే దారి. బస్టాపుకి అందరం ఇటే పోతాం." నర్సు అప్పటికే పరుగు.

ఆమె పట్టకారు పట్టుకుని అలాగే ఉండిపోయింది. రెండేళ్లుగా ఈ కిటికీలోంచే. బడి సంచులు, సూట్‌కేసులు, విరిగిన గొడుగులు. ఒకవైపు కూర ఉడుకుతుంటే మరోవైపు కుట్టు. సంస్థవాళ్లు నడవలేనివాళ్లకీ, చూపులేనివాళ్లకీ చిన్న వ్యాపారాలు పెట్టిస్తున్నారని విని శిక్షణకు పోయింది కూడా ఈ కిటికీ ధైర్యంతోనే. అక్కడ మేడమ్ మొదటి రోజే చెప్పింది: "మాది ఒకటే షరతు. ఎవరి పేరు మీద మిషను ఇస్తామో ఆ మనిషే దాని ముందు కూర్చోవాలి. వచ్చి చూస్తాం. వేరేవాళ్లు కూర్చుంటే, మిషను వరసలో ఉన్న ఇంకొకరికి పోతుంది." ఆ మిషను ఆమె చూసింది. కాలి పెడలు ఉండదు, మోచేత్తో నొక్కే మీట ఉంటుంది. సూట్‌కేసు పట్టీ లాంటి మందపాటిదాన్ని కూడా కుట్టేస్తుంది. శిక్షణలో దానిమీద కూర్చున్న రోజు ఇంటికొచ్చి అన్నంలో ఉప్పు వేయడం మర్చిపోయింది. "మనసెక్కడుంది?" అన్నాడు భర్త. ఎక్కడుందో చెప్పలేదు.

రేపు మేడమ్ "ఈ కౌంటరు వెనక మీరు ఎలా కూర్చుంటారు?" అని అడిగితే? అవునండీ అనాలా? అంటే అబద్ధం. అనకపోతే భర్త పరువు పోతుంది, మిషనూ పోతుంది. అన్నా కూడా, ఇవాళ కాకపోతే వచ్చే నెల వచ్చి చూస్తారు. ఎటు తిరిగినా గోడే.

సాయంత్రం మేస్త్రి తన తాపీలు, చెక్కలు తీసుకుపోవడానికి సందులోకి వచ్చాడు. ఆమె కిటికీలోంచి పిలిచింది.

"మేస్త్రీ, ఆ కౌంటరు ఎవరి కొలత?"

అతను తల గోక్కున్నాడు. "సారుదేనమ్మా. ఎంత ఎత్తు పెట్టమంటారంటే, నిలబడి మోచెయ్యి మడిచి ఇంత అన్నారు. నేను కట్టాను."

"మరి ఈ గట్టు?"

"ఇదా? ఇది మీదే కదమ్మా! మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి, మీ మోచేతి కింద టేపు పెట్టాను. గుర్తులేదా? మేమెప్పుడూ అంతేనమ్మా. ఎవరు పని చేస్తారో వాళ్ల మోచేతికి కడతాం."

"అడగాలనిపించలేదా, కొట్టులో పనిచేసేది ఎవరని?"

"బోర్డు మీద మీ పేరుంది, కొలతిచ్చింది సారు." మేస్త్రి గొంతు తగ్గించాడు. "మనకెందుకులే అనుకున్నానమ్మా. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లని ఎంతమందిని చూడలేదు?"

నాలిక కరుచుకున్నాడు. ఆమెకు కోపం రాలేదు. గట్టు మీద మోచెయ్యి ఆనించింది. సరిగ్గా ఆనింది. భుజం పైకి లేవలేదు, వీపు వంగలేదు. ఎదురుగా కిటికీ. కిటికీ అవతల బస్టాపుకి పోయేవాళ్ల సంచులు ఒకదాని వెనక ఒకటి కదిలిపోతున్నాయి. పక్కన తలుపు. తలుపు దగ్గర వాలు. పొద్దుటి నుంచి ఇంటి చుట్టూ తిరుగుతున్న ఆలోచన వచ్చి ఆ గట్టు దగ్గర ఆగింది.

"రేపు పొద్దున్న రాగలవా మేస్త్రీ? ఆయన మేడమ్‌ని తీసుకురావడానికి బస్టాండుకి వెళ్తారు. అప్పుడు."

"ఏం పనమ్మా?"

చెప్పింది. మేస్త్రి నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"సారు తిడతారమ్మా."

"తిడితే నన్నే తిడతారు. నాకలవాటే. నీ కూలి నా బ్యాగుల డబ్బులోంచి ఇస్తాను. అదయ్యాక బాత్రూమ్ గుమ్మం కొలత కూడా తీసుకో."

ఆ రాత్రి వడ్డిస్తూ ఆమె ఒక్కసారి ప్రయత్నించింది. "ఏవండీ, ఆ కౌంటరు కొట్టేసి నాకు అందేలా కట్టిద్దామా?"

"పిచ్చా? ఆ రాళ్లు అతికించి రెండు రోజులు కాలేదు!" అన్నాడు. తర్వాత మెత్తగా, "నువ్వు హాయిగా ఇంట్లో ఉండు. బయట జనంతో నీకెందుకే తంటా?" అన్నాడు.

హాయిగా. ఆమె ఆ మాటను నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. అడగడం అయిపోయింది. ఇక మిగిలింది చేయడమే.

మర్నాడు భర్త ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని బస్టాండుకి బయల్దేరాడు. అతని స్కూటరు మలుపు తిరగ్గానే మేస్త్రి సందులోంచి ప్రత్యక్షమయ్యాడు, సినిమాలో దొంగలా అటూ ఇటూ చూస్తూ. మొదట ముందుగది తలుపుకి అడ్డంగా ఉన్న అరల మేకులు ఊడబీకి, వాటిని పక్క గోడకు జరిపాడు. తలుపు తెరుచుకుంది. తర్వాత గ్యాస్ స్టవ్. తర్వాత సిలిండరు. తర్వాత గిన్నెలు, డబ్బాలు, పోపుల పెట్టె.

అత్తగారు తైలం సీసా పట్టుకుని లేచి నిలబడింది.

"అమ్మాయ్! ఇదేం విడ్డూరమే! పొయ్యిని వీధిలోకి మోయిస్తున్నావేంటి?"

"వీధిలోకి కాదు అత్తయ్యా, ముందుగదిలోకి. అక్కడ మంచి గట్టు కట్టించారు కదా."

"ఆ గట్టు నీకు అందదే!"

ఆ మాట నోటినుంచి వచ్చాక ఆవిడ కూడా ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మేస్త్రి మధ్యలో సిలిండరుతో నిలబడిపోయాడు.

"నాకు అందదు అత్తయ్యా," అంది ఆమె. "మీ అబ్బాయికి అందుతుంది."

అత్తగారు కుర్చీలో కూలబడింది. ముప్పై ఏళ్లు పొయ్యి దగ్గర నిలబడి నిలబడి మోకాళ్లు అరగ్గొట్టుకున్న మనిషి. తిట్టడానికి నోరు తెరిచింది. కొడుకు ఫోటోలూ, మొగుడి ఫోటో ఉన్న గోడ వైపు చూసింది. చివరికి మేస్త్రిని తిట్టింది.

"చూస్తావేం గుడ్లప్పగించి? సిలిండరు నిలువుగా పట్టుకోరా, పడేస్తావ్!"

మేడమ్‌ను వెంటబెట్టుకుని భర్త వచ్చేసరికి వెనకే ఒక ఆటో ఉంది. ఆటోలో గోనెపట్టా చుట్టిన మిషను. ఆమె వాటిని చూడలేదు. వింది. వీధివైపు అతని గొంతు పొంగిపోతోంది.

"ఇదేనండి కొట్టు. మా ఆవిడకి కష్టం తెలియకుండా అన్నీ నేనే దగ్గరుండి కట్టించాను. చూడండి..." షట్టరు గరగరా పైకి లేచింది. అక్కడితో గొంతు ఆగిపోయింది.

తర్వాత మేడమ్ గొంతు: "ఇది వంటిల్లులా ఉందే?"

"అదీ... అంటే... అమ్మా!"

"అమ్మ నడవాలో ఉంది, కేకలెందుకు?" అత్తగారు లోపల్నుంచి జవాబిచ్చింది. "కొట్టు పక్క సందులో ఉంది. మేడమ్‌ని అటు తీసుకెళ్లు."

ఆమె గట్టు దగ్గర కూర్చుని కుడుతోంది. కిటికీ చువ్వలు సగం తీయించేసింది. గట్టు మీద ఉల్లిపాయలు లేవు. బిస్కెట్ల డబ్బా, దారపు ఉండలు, పాత చేతి మిషను ఉన్నాయి. కిటికీ బయట బడి సంచితో ఒక తల్లి, తెగిన సూట్‌కేసు పిడితో ఒక డ్రైవరు నిలబడి ఉన్నారు. డ్రైవరు వాదిస్తున్నాడు: "ఇంత చిన్న పిడికి అంతా? కొత్తదే వస్తుంది!" "అయితే కొత్తదే కొనుక్కోండి, దాని పిడి తెగినప్పుడు రండి," అంటోంది ఆమె. డ్రైవరు నవ్వి సూట్‌కేసు లోపలికి తోశాడు.

మేడమ్ సందులో నిలబడి ఇదంతా చూసింది. వాలు మీదుగా లోపలికి వచ్చింది. గట్టు కింద కుర్చీ దూరిన తీరు చూసింది. గట్టు మీద ఆనిన మోచేతిని చూసింది.

"రోజుకు ఎంతసేపు కూర్చోగలరు?" అని అడిగింది.

"పొద్దున్న పని అవ్వగానే కూర్చుంటుందండి, మళ్లీ మధ్యాహ్నం..." భర్త అందుకున్నాడు.

"మిమ్మల్ని కాదండీ."

ఆమె సూది దించింది. "పొద్దున్న బస్సుల వేళ నుంచి సాయంత్రం బస్సుల వేళ దాకా. మధ్యలో భోజనానికి ఆపుతాను. ఎవరైనా వండితే."

మేడమ్ పెదవి బిగించింది, నవ్వు ఆపుకోవడానికి. తలుపు బయటికి వంగి ఆటోవాణ్ణి పిలిచింది. "ఇటు తీసుకురా బాబూ. మెట్లు లేవు, ఇక్కడ దింపు."

మిషను గట్టు ఎక్కింది. గోనెపట్టా విప్పుతుంటే భర్త ఆమె చెవి దగ్గరికి వంగాడు. ముఖం ఎర్రగా ఉంది.

"ఏంటే ఇది? నలుగురిలో నా పరువు... నేను ఉద్యోగం మానేస్తానని చెప్పేశాను!"

"నెలాఖరు దాకా టైముంది. మానొద్దని చెప్పండి," అంది ఆమె నెమ్మదిగా. "మానేస్తానంటే మానేయండి. ఇంట్లో పనికి మనిషి కావాలి. నాకిక కుదరదు."

అతను ఏదో అనబోయాడు. మేడమ్ ఇటు తిరిగింది. అతను అక్కడే నిలబడ్డాడు, దుకాణంలో పెట్టె తెరిచి ఎడమకాలి చెప్పు దొరకనివాడిలా. ఆమెకు జాలి వేసింది. నూనె రాసిన పిక్కలు గుర్తొచ్చాయి. జాలి వేసినా చెయ్యి దారం ఎక్కిస్తూనే ఉంది.

"ఏవండీ, మేడమ్ ఎండలో వచ్చారు. టీ పెట్టండి."

తర్వాత నడవాలో అతని అడుగుల చప్పుడు. గోడ అవతల గిన్నె మోగింది. లైటరు టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది. మళ్లీ. సిలిండరు మీట తిప్పలేదని ఆమెకు తెలుసు. కుర్చీ చక్రం మీదికి చెయ్యి దానంతటదే వెళ్లింది, నాలుగేళ్ల అలవాటు. ఆ చేతిని తీసి మిషను మీట మీద పెట్టింది. మోచేత్తో నొక్కింది. సూది ఒక్కసారిగా పరుగందుకుంది. మందపాటి పట్టీలోంచి కుట్టు తర్వాత కుట్టు తిన్నగా సాగింది.

భగ్గుమని పొయ్యి వెలిగిన చప్పుడు. ఆ వెంటనే కేక.

"ఏమోయ్! చక్కెర ఎక్కడే?"

మీట వదలకుండానే ఆమె జవాబిచ్చింది.

"మీ చేతికి అందే ఎత్తులోనే ఉంది. చూసుకోండి."